డ్రిల్లు మాస్టారికి నేను బాకీ పడ్డ 308 పీరియడ్లు

"మాస్టారూ, ఇవాళ ఏడో పీరియడ్ నాకిచ్చేస్తారా, త్రికోణమితిలో ఇంకో రెండు లెక్కలుండిపోయాయండి."

ఈ ముక్క మా డ్రిల్లు మాస్టారితో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు అని రాద్దామనుకున్నా గానీ, లెక్కల మాస్టార్ని అయ్యుండి లెక్కలేదంటే బాగోదు కదా. మొన్నాదివారం మధ్యాహ్నం కరెంటు పోతే అరుగు మీద కూచుని వేశా. పదో తరగతికి వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు, డిసెంబర్ మొదట్నించి మార్చి మధ్య దాకా పద్నాలుగు వారాలు వేసుకోండి, 28 అయ్యాయి. ఈ బళ్లో నేనలా లాగేసుకున్నది పదకొండేళ్లు. మొత్తం 308. సంక్రాంతి సెలవులు తియ్యలేదేంటని అడగొచ్చు, అక్టోబర్ నవంబర్లలో అడపాదడపా తీసుకున్నవి కూడా కలపలేదు లెండి, చెల్లుకి చెల్లు.

ఆయనెప్పుడూ కాదన్లేదు. "ఆయ్, తీసేసుకోండి మాస్టారూ" అని విజిల్ జేబులో పడేసుకుని స్టాఫ్ రూముకెళ్లిపోయేవాడు. అక్కడ ఆయన కోసం పని రెడీగా ఉండేది, కోడిగుడ్ల లెక్కలనీ, బస్ పాసులనీ, ఎవరో గోడ దూకి పారిపోయాడు పట్టుకురమ్మనీ. ఆగస్టు 15కి జెండా కర్ర నిలబెట్టాలన్నా ఆయనే, ప్రేయర్లో లైను సర్దాలన్నా ఆయనే, బళ్లోకి పాము దూరితే కర్ర పట్టుకోవాల్సిందీ ఆయనే. ఆటలాడించడం ఒకటి తప్ప అన్ని పనులూ చేయించేవాళ్లం పాపం. పిల్లలేమో కిటికీలోంచి గ్రౌండు వేపు చూస్తా కూచునేవాళ్లంట, నాకు తెలీదు, నేను బోర్డు వేపు తిరిగుంటాను కదా.

మాది అమలాపురానికి ఓ పదిహేను కిలోమీటర్ల దూరంలో హైస్కూలు. ఊరి పేరు రాయను, రాస్తే మా స్టాఫే ముందు చదువుతారు. గ్రౌండుకి ఒక పక్క పంట కాలవ, మిగతా మూడు పక్కలా కొబ్బరి తోటలు. వినడానికి బానే ఉంటుంది గానీ జులై నించి అక్టోబర్ దాకా అది గ్రౌండు కాదు, సార్వా చేనుకీ దానికీ తేడా తెలీదు. బంకమట్టి కదా, ఒక్క వాన పడితే నాలుగు రోజులు చెప్పు ఊడొస్తుంది. అప్పుడు వానని చెప్పి గేమ్స్ పీరియడ్ లేదు, ఎండొచ్చాక పరీక్షలని చెప్పి లేదు. అంటే మధ్యలో మిగిలేదెంతో మీరే చూసుకోండి.

ఇంతకీ నాకు బుద్ధొచ్చిన సంగతి చెప్పాలి. నాలుగైదేళ్ల కిందటి మాట. 2019 ఆగస్టు 29న, హాకీ ధ్యాన్‌చంద్ పుట్టిన రోజున, ఫిట్ ఇండియా అని మొదలెట్టారు గుర్తుందా, దాని కింద బళ్లల్లో పిల్లలకి ఫిట్‌నెస్ టెస్టులు చెయ్యాలి. పెద్ద పిల్లలకైతే ఎత్తు బరువు, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగో నడకో, కాళ్లు చాపి కూచుని ముందుకి వంగడం, పుషప్స్, ఇలాంటివి. అవన్నీ కొలిచి ఆన్‌లైన్లో ఎక్కించాలి. మాకది ఇంకో తద్దినం అనుకున్నాం, నిజం చెప్పాలంటే.

ఫిట్ ఇండియా వచ్చిన కొన్నేళ్లకి, నేను చెప్పే ఆ ఏడు జులైలో, అదృష్టం కొద్దీ ఓ వారం తెరిపిచ్చింది. మాస్టారు సున్నం పోసి 200 మీటర్ల ట్రాక్ గీశాడు, మూడు రౌండ్లు పరిగెడితే 600. పదో తరగతి ఆడపిల్లలు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని, అంటే నా ఫోనే, గీత దగ్గర నించున్నా. అందరూ చున్నీలు నడుముకి చుట్టుకుని బయల్దేరారు, నవ్వుకుంటా. మొదటి రౌండు బానే అయింది. రెండో రౌండ్లో సగం దాటాక ఒకమ్మాయి, సన్నగా పొడుగ్గా ఉంటుంది, పరుగాపి నడిచింది, తర్వాత నించుంది, తర్వాత గోల్‌పోస్ట్ పట్టుకుని కింద కూచుండిపోయింది. నేనేమన్నానో తెలుసాండీ? "లే లే, నాటకాలు" అన్నా. మాస్టారు నా వేపు చూడను కూడా చూడలేదు. వెళ్లి ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూచుని, కింది కంటి రెప్ప వేలితో లాగి చూశాడు. గోళ్లు చూశాడు. నన్ను పిలిచి చూపించాడు. కనురెప్ప లోపల ఎర్రగా ఉండాలి కదా, కాగితంలా ఉంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే మెడ దగ్గర నరం పైకి కనపడతా ఉంది.

పీహెచ్‌సీకి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 7.8. ఆ వయసు పిల్లకి 12 ఉండాలి.

ఆ పిల్ల రెండేళ్లు నా క్లాసులో రెండో బెంచీలో కూచుంది. మధ్యాహ్నం పీరియడ్లో తల వాల్చేసేది. ప్రోగ్రెస్ కార్డు మీద నా చేత్తో "శ్రద్ధ లేదు" అని రాశాను, రెండుసార్లు రాశాను. వాళ్లమ్మ కొబ్బరి పీచు పనికెళ్తుంది, ఆవిడొచ్చి నించుంటే ఆవిడకీ అదే చెప్పా, "మీ అమ్మాయికి బద్ధకం ఎక్కువండి" అని. ఇంకో సంగతుంది. ఈ టెస్టు అంతకు ముందేడే, ఆ పిల్ల తొమ్మిదిలో ఉన్నప్పుడే జరగాలి. జరగలేదు. ఎందుకంటే ఆ వారం రెండు గేమ్స్ పీరియడ్లూ సిలబస్ అవ్వలేదని నేనే తీసుకున్నా. తొమ్మిదో తరగతివి ఈ 308లో కలపలేదు, కలపడానికి చెయ్యి రాలేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఇదేమీ మా బడి ఒక్కదాని కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదోదాంట్లో 15 నించి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది, దేశం మొత్తం మీద. రక్తంలో ఐరన్ తక్కువైతే ఆక్సిజన్ మొయ్యడానికి సరుకు లేదన్నమాట, కూచున్నంత సేపూ పైకి ఏమీ తెలీదు, పరిగెత్తిస్తే బయటపడుతుంది. మరి మేం పరిగెత్తించం కదా. బళ్లో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం, అందులో ఐరన్ 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. సగం మంది పిల్లలు కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి పారేస్తారు, మా కిటికీ కింద మట్టి నీలంగా ఉండేది ఒకప్పుడు. ఖాళీ కడుపుతో మింగితే తిప్పుతుంది మరి. ఇప్పుడు మధ్యాహ్న భోజనం అయ్యాక మాస్టారు దగ్గరుండి మింగిస్తాడు, మింగాక ఓ గంటసేపు టీ తాగొద్దంటాడు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఫిబ్రవరిలో ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర సంగతీ అంతే. మన డెల్టాలో పిల్లలు తడి మట్టిలో చెప్పుల్లేకుండా తిరుగుతారు, కొంకిపురుగు పాదం లోంచే ఒంట్లోకి దూరుతుంది, దూరి పేగుకి అంటుకుని రక్తం తాగుతుంది. ఇవన్నీ సైన్సు పుస్తకంలో ఉన్నవే. చెప్పింది మాత్రం డ్రిల్లు మాస్టారు.

ఆ అమ్మాయి ఇప్పుడు కాకినాడలో డిగ్రీ చదువుతోంది. మొన్న ఉగాదికి కనపడి నమస్కారం పెట్టింది, నాకేం మాట్లాడాలో తెలీక హిమోగ్లోబిన్ ఎంతుందమ్మా అనడిగా. నవ్వింది. 11.6 అంట.

సరే, ఆ ఏడే నాకు షుగర్ అని తేలింది. మా ఆవిడ తాపేశ్వరం కాజాలు వేరే డబ్బాలో పెట్టి తాళం వేసింది. డాక్టరు గారు రోజూ నడవమన్నారు, ఒక్కణ్ణే ఎందుకని మాస్టార్ని అడిగా, పొద్దున్నే ఐదింటికి కాలవ గట్టు మీద ఇద్దరం. ఆయనకది వాకింగ్, నాకు ట్యూషన్. కండ కదిలేటప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలో చక్కెర లాక్కుంటుంది, అందుకే తిన్నాక నడవాలి అని చెప్పింది ఆయనే. నలభై ఆరేళ్లొచ్చాక వంద గుంజీలు తియ్యమంటే నాకు పద్నాలుగో దానికి మోకాలు పట్టేసింది. "చిన్నప్పుడు మిమ్మల్ని గుంజీలు తీయించిందెవరండీ" అన్నాడు. లెక్కల మాస్టారే, ఎక్కం రాకపోతే.

అక్కడ నాకు ఒకటి తట్టింది. మనం పిల్లలకి ఎక్సర్‌సైజ్ ఎప్పుడు చెప్తాం? తప్పు చేస్తే. లేటుగా వస్తే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, హోమ్‌వర్క్ చెయ్యకపోతే గుంజీలు, అల్లరి చేస్తే మోకాళ్ల మీద నించో. పదేళ్లు అలా పెంచి, పెద్దయ్యాక వాడు పరుగంటే మొహం ముడుచుకుంటే వాడిదా తప్పు? నేనైతే రౌండ్లు కొట్టించడం మానేశా. బదులు ఏం శిక్ష వేస్తున్నావంటారా, నా పక్కన కూచోబెట్టుకుంటున్నా, అదే ఎక్కువ శిక్షంట.

ఇంక అసలు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందేంటంటే 5 నించి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలు ఆయాసం వచ్చేంతగా కదలాలి, వారంలో మూడ్రోజులు కండలకీ ఎముకలకీ బలం పట్టే పని ఉండాలి. అంటే వారానికి 420 నిమిషాలు. మా దగ్గర వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 90. అందులో లైను కట్టి హాజరేసి గ్రౌండుకెళ్లే సరికి పదేసి నిమిషాలు పోతాయి, 70. క్లాసులో 52 మంది, వాలీబాల్ ఒకటి. కోర్టులో పట్టేది పన్నెండు మంది. ఆ పన్నెండు మందీ ఎప్పుడూ ఒకళ్లే, ఆటొచ్చినోళ్లే ఆడతారు, రానోళ్లు బంతి కాలవలో పడితే తెచ్చిపెడతారు. మిగిలిన నలభై మందికీ ఆ వారం వ్యాయామం ఎంత? ఆడపిల్లలైతే బాదం చెట్టు కింద సోషల్ గైడు పట్టుకుని కూచునేవాళ్లు, ఆటల్లో వాళ్లని ఎవరూ పిలవరు, వాళ్లూ రారు.

మా మాస్టారు గొప్పతనం ఏంటంటే ఈ నలభై మంది కోసం ఆలోచించాడు. వాలీబాల్ పక్కన పెట్టి గ్రౌండుని నాలుగు ముక్కలు చేశాడు. ఒక మూల ఖోఖో, దానికి పైసా ఖర్చు లేదు, రెండు కొబ్బరి మానులు నరికించి పాతాడు. ఒక మూల రింగు ఆట, టెన్నికాయిట్, ఆడపిల్లలు దానికి తొందరగా అలవాటు పడతారు. ఒక మూల బాల్ బ్యాడ్మింటన్, పసుపు రంగు ఉన్ని బంతి ఉంటుంది చూడండి, పక్కకి ఐదుగురు. మా నాన్నగారి టైములో సాయంత్రమైతే ఊళ్లల్లో పెద్దోళ్లంతా అదే ఆడేవాళ్లు, లుంగీ ఎగ్గట్టి. నాలుగో మూల ఏ ఆటా రాని వాళ్లకి తాడాట. తాడంటే కొబ్బరి తాడే. ఎనిమిది నిమిషాలకోసారి విజిల్, మూలలు మారాలి. ఎవడూ ఖాళీగా ఉండడు, ఎవడూ కెప్టెన్ కాదు. మొదటి నెల వాలీబాల్ బ్యాచ్ అలిగింది. హెడ్మాస్టారు గారి దాకా కంప్లెయింటు పోయింది.

ఎగిరే ఆటలు ఎందుకంటే ఎముక మీద బరువు పడాలి, పదేళ్ల నించి ఇరవై లోపు గట్టిపడిన ఎముకే తర్వాత ముసలితనం దాకా ఖర్చు పెట్టుకోవాలి. మా అమ్మ బాత్రూంలో జారి తుంటి విరిగినప్పుడు నాకీ సంగతి తెలిసుంటే చేసేదేమీ లేదు లెండి, ఆవిడ ఆట ఆడిన వయసే లేదు.

తల్లిదండ్రుల మీటింగులో మాత్రం ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఆడితే ఏమొస్తుందండీ, అందరూ సాత్విక్ అయిపోతారా?" బ్యాడ్మింటన్ ఆడే మా అమలాపురం కుర్రాడు కదా, ఇక్కడ ఆటల గురించి మాట్లాడితే ఆ పేరు రాకుండా ఉండదు. సాత్విక్‌సాయిరాజ్ వాళ్ల నాన్నగారు పీఈటీగా, అంటే డ్రిల్లు మాస్టారుగా చేసినాయనే. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఏషియన్ గేమ్స్ బంగారం, అదే ఏడు అక్టోబర్లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, అంతకు ముందేడు థామస్ కప్ గెల్చిన టీములోనూ ఉన్నాడు. అదే 2023లో జపాన్లో కొలిస్తే వాడి స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. నేను దాన్ని తొమ్మిదో తరగతికి లెక్కగా ఇచ్చా. గంటకి 565 అంటే సెకనుకి ఎన్ని మీటర్లు? 157 దాకా వస్తుంది. కోర్టు పొడుగు 13.4 మీటర్లు. అదే వేగంతో పోతే ఈ చివర్నించి ఆ చివరకి ఎంతసేపు? 0.085 సెకను. వెంటనే వెనక బెంచీలోంచి ఒకడు "అదే వేగంతో పోదు సార్, ఈకలకి గాలి తగిలి స్పీడు పడిపోద్ది" అన్నాడు. లెక్కల్లో ఎప్పుడూ పాతిక దాటని వాడు. గాలి నిరోధం గురించి అరగంట మాట్లాడాం, ఆ వేళ సిలబస్ సంగతి నాకు గుర్తు రాలేదు.

తల్లిదండ్రులకి నేను చెప్పేది ఇంతే, సాత్విక్ అవ్వాలంటే కోచ్ కావాలి అకాడమీ కావాలి, అది వేరే దారి. డ్రిల్లు పీరియడ్ మిగతా 51 మంది కోసం. ఒక్కళ్లకీ ఎక్కదు అనుకోండి, అయినా చెప్తా.

చదువు పాడవుద్దనే వాళ్లకి ఇంకో రెండు సంగతులు. ఇల్లినాయిస్ యూనివర్సిటీ వాళ్లు 2009లో తొమ్మిది పదేళ్ల పిల్లల్ని ఇరవై నిమిషాలు నడిపించి తర్వాత పరీక్ష పెడితే ధ్యాస నిలిపి చెయ్యాల్సినవి, చదివి అర్థం చేసుకునేవి, ఊరికే కూచున్న రోజు కంటే బాగా చేశారు. చైనాలో గ్వాంగ్‌జౌ బళ్లల్లో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ 40 నిమిషాలు ఎక్కువగా బయట వెలుతురులో ఉంచి మూడేళ్లు చూస్తే, బయటికి పంపని బళ్లల్లో నూటికి 39.5 మందికి దూరం చూపు తగ్గి అద్దాలొస్తే, పంపిన బళ్లల్లో 30.4 మందికొచ్చింది. ఆడారా ఊరికే తిరిగారా అన్నది కూడా కాదు, పగటి వెలుతురు కంటికి తగలడమే. మా బళ్లో నేనొచ్చిన కొత్తలో క్లాసుకి ఇద్దరు కళ్లజోడు పిల్లలుండేవాళ్లు, ఇప్పుడు ముందు రెండు బెంచీలూ వాళ్లవే.

నేనూ ఓ ప్రయోగం చేశా. టైంటేబుల్లో గేమ్స్ తర్వాత పీరియడ్ లెక్కలు వేయించుకున్నా. మార్కులు పెరిగాయా అంటే చెప్పలేను, పెరిగాయని రాసేస్తే మీరు నమ్ముతారు గానీ నాకు తెలీదు. మొదటి పది నిమిషాలు గోల గోల, చెమట కంపు, మంచినీళ్ల బాటిళ్ల చప్పుడు. తర్వాత మాత్రం తల వాల్చేవాళ్లు లేరు. అడిగిన దానికి చెయ్యెత్తేవాళ్లు పెరిగారు, తప్పు చెప్పడానికే అనుకోండి, అయినా ఎత్తారు.

చట్టం సంగతీ చెప్పాలి, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలనీ, ఆట సామాన్లు ఉండాలనీ, ఆరు నించి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే వ్యాయామానికి పార్ట్ టైం మనిషి ఉండాలనీ రాసుంది. కొత్త విద్యా విధానం 2020లో అయితే ఆటల్ని పక్క సబ్జెక్టనొద్దు అంది. కానీ ఇక్కడ పదో తరగతయ్యాక పిల్లల్ని పంపే కాలేజీలు మీకు తెలుసు కదా, అపార్ట్‌మెంటు, నాలుగో ఫ్లోర్, పొద్దున్న ఆరు నించి రాత్రి పది. మా బావమరిది కొడుకు రెండేళ్లలో పదకొండు కిలోలు పెరిగి వచ్చాడు. ర్యాంకు వచ్చింది, నడుం నొప్పీ వచ్చింది.

ఒక్క కోరిక మాత్రం తీరలేదు. ఈత. చుట్టూ గోదారి పాయలు, మధ్యన కాలవలు, ఇటు చూస్తే సముద్రం, కానీ మా పదో తరగతిలో ఈతొచ్చిన వాళ్లు చేతి వేళ్ల మీద లెక్కెట్టొచ్చు. మా చిన్నప్పుడు రెండు ఎండు కొబ్బరికాయలు తాడుతో కట్టి నడుముకి తగిలించి కాలవలోకి తోసేసేవాళ్లు, వారానికి ఒక కాయ తీసేసేవాళ్లు, రెండో కాయ తీసేసిన రోజు మనిషి ఈదినట్టే. ఇప్పుడు చేపలూ రొయ్యలూ పెంచే చెరువుల నీళ్లు కలిసి కాలవ కంపు, అమ్మలు దిగనివ్వరు, తప్పు పట్టలేం. ఎండాకాలం కాలవలు కట్టేశాక పిల్లలు ఎవరికీ చెప్పకుండా గోదార్లోకి పోతారు. తర్వాత పేపర్లో చదువుతాం. మాస్టారు దీని మీద మూడుసార్లు అర్జీ పెట్టాడు, పిల్లలకి ఈత నేర్పడానికి కాస్త మంచి నీళ్లూ ఇద్దరు మనుషులూ కావాలని. అర్జీ ఏ టేబుల్ మీదుందో తెలీదు.

నిన్న మూడో పీరియడ్ బెల్లు కొట్టే ముందు నేను బోర్డు మీద త్రికోణం గీస్తా ఉంటే గుమ్మం దగ్గర మాస్టారు నించున్నాడు, విజిల్ మెళ్లో వేసుకుని, చేతిలో మడిచిన కాగితం పట్టుకుని. వెనకాల ఖోఖో ఆడపిల్లలు తొమ్మిది మంది, అప్పటికే చున్నీలు నడుముకి చుట్టేసుకుని ఉన్నారు.

"మాస్టారూ, రేపు మీ పీరియడ్ నాకిచ్చేస్తారా, మండలం సెలక్షన్స్ ఉన్నాయండి" అన్నాడు.

సైన్ తీటా మధ్యలో ఉంది. "ఆయ్, తీసేసుకోండి" అన్నా. ఆయన నవ్వలేదు, పిల్లలు నవ్వారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఆదివారం వేసిన కాగితం తీసి 308 కొట్టేసి 307 అని రాసుకున్నా.